మోసినవాళ్లు ఎవరు, ఎక్కినవాళ్లు ఎవరు? పాలమూరు వైపు నుంచి పట్నం రవాణా ఖర్చు చరిత్ర

హైదరాబాదు రవాణా చరిత్ర రాసేవాళ్లు మామూలుగా 1932 జూన్ దగ్గర మొదలుపెడతారు. నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ ఏర్పడింది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. బస్సు నంబర్లలో ఇప్పటికీ కనబడే 'జడ్' అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని ఒక కథ కూడా చెపుతారు. ఇదంతా మనం చదివిన చరిత్రే. బస్సులు ఎవరు తెప్పించారో అందులో ఉంది. వాటి ఖర్చు ఎవరి కష్టంలోంచి వచ్చిందో లేదు.

ఈ వ్యాసంలో మేము ఆ ప్రశ్ననే ముందుపెడుతున్నాం. ఒక మహానగరంలో జనం తిరగడానికి అయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఈ ప్రశ్నను హైదరాబాదులో కూచుని అడిగితే ఒక జవాబు వస్తుంది: నగర ప్రయాణికులు, నగర పాలక సంస్థ, ప్రభుత్వం, పెట్టుబడి పెట్టిన కంపెనీ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బస్టాండ్లలో నిలబడి అడిగితే ఇంకో జవాబు వస్తుంది. ఈ మూడు ఊళ్లు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకు ముందు మహబూబ్‌నగర్ జిల్లాలో, అంటే మన పాలమూరులో ఉండేవి. పట్నాన్ని కట్టిన కూలీలు ఇక్కడి నుంచే పోయారు. వాళ్లలో మాదిగలు, మాలలు, లంబాడీలు, బోయలు, ఇంకా అనేక శ్రామిక కులాలవాళ్లు ఉన్నారు. రవాణా ఖర్చు లెక్కలో వీళ్లను ఎప్పుడూ 'లబ్ధిదారులు' అనే గడిలో రాస్తారు. ఇచ్చినవాళ్ల గడిలో వీళ్ల పేరు ఎందుకు లేదన్నదే మా అనుమానం.

బస్సుకు ముందు: వెట్టి

గద్వాల, వనపర్తి సంస్థానాలు. కొల్లాపూరు కేంద్రంగా జటప్రోలు సంస్థానం. ఈ రాజులు నిజాముకు పేష్కష్ కట్టి తమ ఇలాకాలు తాము ఏలుకున్నారు. మిగతా తాలూకాల్లో నిజాం సర్కారు నేరుగా పాలించింది. పాలన ఎవరిదైనా వాడ బతుకులో పెద్ద తేడా లేదు. ఊరికి గిర్దావరు వచ్చినా, అమీను వచ్చినా, తహసీల్దారు వచ్చినా వాళ్ల మూటాముల్లె మోసుకుని పక్క ఊరి పొలిమేర దాకా పోవలసింది మాలమాదిగలే. సర్కారీ కాగితం ఊరి నుంచి ఊరికి చేరవేసేది వాళ్లే. దొర గారింటి ఆడవాళ్లు పుట్టింటికి పోతే కచ్చడం వెంట పరుగెత్తింది కూడా వాళ్లే. దానికి కూలి లేదు. దాని పేరు వెట్టి.

తెలంగాణ పోరాట చరిత్ర రాసినవాళ్లంతా వెట్టిని భూస్వామ్య దోపిడీగా వివరించారు. అది నిజమే. మేము దానికి ఒక మాట కలుపుతున్నాం: వెట్టి ఆనాటి రవాణా వ్యవస్థ కూడా. పాలకులు ఊరూరా తిరగాలంటే ఒక వ్యవస్థ కావాలి, దానికి ఖర్చు కావాలి. ఆ ఖర్చు ఖజానాలోంచి రాలేదు. ఒక కులం భుజం మీద వేసి, దాన్ని 'ఆచారం' అన్నారు. వెట్టి కూడదని ఫర్మానాలు వచ్చాయి. ఊళ్లల్ల అవి కాగితాలుగానే ఉండిపోయాయి.

మోసేవాడు ఎక్కడానికి పనికిరాడన్నది ఈ ఆచారానికి రెండో ముఖం. 1929లో అంబేడ్కర్ చాలీస్‌గావ్‌లో దిగినప్పుడు ఆయనను ఎక్కించుకుని నడపడానికి టాంగా తోలేవాళ్లు ఒప్పుకోలేదు. అప్పటికి ఆయన బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడు, బారిస్టరు. 1934లో బస్సులో వచ్చిన ఆయన బృందం నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట దగ్గర నీళ్లు ముట్టినందుకు ఎంత గొడవయిందో ఆయనే రాసుకున్నాడు. రవాణా చరిత్రను మేము కులంతో కలిపి చదవడానికి కారణం ఇదే. బండికి డబ్బులు కట్టినంత మాత్రాన బండి ఎక్కే హక్కు రాలేదు.

గ్యారంటీ రైలు

తర్వాత రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు మొదటి లైను పడింది. దాన్ని పొడిగించడానికి 1883లో నిజాం ప్రభుత్వం లండన్‌లో నమోదైన కంపెనీతో ఒప్పందం చేసుకుంది. దాని పేరులోనే సంగతంతా ఉంది: నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. కంపెనీ పెట్టిన పెట్టుబడికి 20 ఏండ్ల పాటు 5 శాతం వడ్డీ తప్పకుండా వచ్చేటట్టు ప్రభుత్వం హామీ ఇచ్చింది. రైలుకు రాబడి వచ్చినా రాకున్నా వాటాదారుకు వడ్డీ ముడుతుంది. తక్కువ పడితే ఖజానా ఇస్తుంది. ఆ ఖజానాలో పెద్ద భాగం భూమి శిస్తు. శిస్తు కట్టేది పట్టాదారు పేరు మీద, పండించేది జీతగాడి రెక్కల మీద.

ఈ లెక్క ఆనాడే కొందరికి అర్థమైంది. చాందా రైల్వే పథకంలో రాజ్యానికి ఏం లాభమో చెప్పండని 1883లో హైదరాబాదులో ఆందోళన లేచింది. అందులో ముందున్న అఘోరనాథ చటోపాధ్యాయను నిజాం ప్రభుత్వం రాజ్యం నుంచి వెళ్లగొట్టింది. రవాణా పెట్టుబడి గురించి మన దగ్గర జరిగిన మొదటి బహిరంగ చర్చ అట్ల ముగిసింది. చదువుకున్న పట్నం వాళ్లు నోరు తెరిస్తేనే దేశబహిష్కారం అయితే, శిస్తుకు మూలమైన వాడవాళ్లను అడిగిందెవరు?

1930లో ప్రభుత్వం రైల్వేను కొనేసింది. రెండేండ్లకు ఆ రైల్వే కిందనే బస్సులు మొదలయ్యాయి. అంటే మన బస్సు నగర పాలక సంస్థకు పుట్టలేదు. రాజ్యం మొత్తం ఖజానాతో కొన్న రైల్వేకు పుట్టింది. ఈ పుట్టుక గుర్తుపెట్టుకోవాలె. ముందు ముందు అవసరం పడుతుంది.

రైలు పట్టాలు కూడా అందరికీ సమానంగా రాలేదు. సికింద్రాబాదు నుంచి కర్నూలు పోయే లైను మీద గద్వాల ఉంది. 2013లో గద్వాల నుంచి రాయచూరు లైను కూడా తెరిచారు. వనపర్తి పేరుతో ఒక స్టేషనుంది కానీ అది ఉన్నది మదనాపురం దగ్గర, ఊరికి దూరంగా. అందుకే దాని పేరు 'వనపర్తి రోడ్'. నాగర్‌కర్నూల్‌కు అదీ లేదు. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా మాచర్లకు రైలు అనే కోరిక తాతల నాటి నుంచి ఎన్నికలప్పుడల్లా వినబడుతూనే ఉంది. అచ్చంపేట, కొల్లాపూరు, అమ్రాబాద్ దాకా పోతే ఇక బస్సు తప్ప దిక్కు లేదు. కాబట్టి పాలమూరు దక్షిణ భాగానికి ప్రజా రవాణా అంటే ఎర్రబస్సే.

ఒకటే సంచి

1951 నవంబరు 1న రోడ్డు రవాణా శాఖ హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. కోస్తాలో ప్రైవేటు బస్సుల యాజమాన్యం ఎక్కువగా భూమి ఉన్న కులాల చేతుల్లో ఉండేది. జాతీయం వద్దని కృష్ణా జిల్లా బస్సుల యజమానులు 1958లో సుప్రీంకోర్టు దాకా పోయారు. తెలంగాణలో ఆ తగువు అంత లేదు, ఇక్కడ బస్సు మొదటి నుంచే సర్కారుది.

సంస్థకు ఆధారం 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం. ఆ చట్టంలో రెండు సెక్షన్లను మన విద్యార్థులు పక్కపక్కన పెట్టి చదవాలి. 18వ సెక్షన్ ప్రజలకు సరిపడా, చౌకగా, ఒక పద్ధతిగా రవాణా కల్పించడం సంస్థ విధి అంటుంది. 22వ సెక్షన్ సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలంటుంది. ఒకే చట్టం ఒక చేత్తో సేవ అంది, ఇంకో చేత్తో వ్యాపారం అంది. మన ఊరికి బస్సు అడగడానికి పోతే 22వ సెక్షన్ చూపిస్తారు. ఎన్నికల సభకు జనాన్ని తోలేటప్పుడు 18వ సెక్షన్ గుర్తుకొస్తుంది.

పెట్టుబడి రాష్ట్రమూ కేంద్రమూ పెట్టాయి. రోజువారీ ఖర్చు టికెట్టు మీద నడిచింది. అచ్చంపేట డిపో కండక్టరు కట్టిన పైసలు, హయత్‌నగర్ డిపో కండక్టరు కట్టిన పైసలు చివరికి ఒకే సంచిలో పడతాయి. అందులోంచే డీజిలు, జీతాలు, టైర్లు, అప్పుల మీద వడ్డీ, మోటారు వాహనాల పన్ను. డీజిలు మీద రాష్ట్రం వేసే వ్యాట్ తెలంగాణలో 27 శాతం. 2013 జనవరిలో టోకుగా డీజిలు కొనేవాళ్లకు కేంద్రం రాయితీ తీసేస్తే, ఆర్టీసీ బస్సులు రోడ్డు పక్క బంకుల ముందు వరుస కట్టవలసి వచ్చింది. అంటే ప్రభుత్వం ఒక చేత్తో సంస్థకు సాయం ఇస్తున్నానంటుంది, ఇంకో చేత్తో పన్ను గుంజుకుంటుంది. ఆ పన్ను కట్టేది టికెట్టు కొన్నవాడు. బైకు, కారు లేని వాడల నుంచి ప్రభుత్వానికి ఏం పన్ను వస్తుందని ఎవరైనా అంటే ఈ దారి చూపించండి.

ఈ సంచిలో నష్టం ఎక్కడ ఎక్కువ? గ్రేటర్ హైదరాబాదు సర్వీసుల నష్టమే పెద్ద భాగమని సంస్థ తానే పలుమార్లు చెప్పింది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బస్సు డీజిలు తాగుతుంది, కిలోమీటర్లు తిరగదు. ఇక్కడ మేము ఒక జాగ్రత్త చెప్పాలి. పల్లెవెలుగు బస్సులు లాభాల్లో ఉన్నాయని మేము అనడం లేదు. వాటిమీద కూడా నష్టమే రాస్తారు. రాబడి తెచ్చేవి ఎక్కువగా దూర ప్రయాణపు సర్వీసులు. అయితే ఆ దూరం పోయేవాళ్లలో పాలమూరు వలస కూలీ ఉన్నాడు. పొలం లేక, పని లేక పట్నం బాట పట్టినవాడు సంచికి రాబడి తెచ్చే ప్రయాణికుడయ్యాడు. పట్నంలో దిగి సిటీ బస్సు ఎక్కగానే అదే మనిషి నష్టం తెచ్చే ప్రయాణికుడవుతాడు.

నగరం తన నష్టం తాను భరించాలన్న మాట కూడా ఒకసారి వచ్చింది. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో గ్రేటర్ హైదరాబాదు నగర పాలక సంస్థ సిటీ బస్సుల నష్టానికి కొంత సొమ్ము ఇచ్చింది. తర్వాత ఆపేసింది. 2019 సమ్మె రోజుల్లో ఈ బాకీ సంగతి హైకోర్టు ముందుకు వచ్చింది. చట్ట ప్రకారం ఇచ్చి తీరాలని లేదని, నగర సంస్థ దగ్గర అంత సొమ్ము లేదని జవాబు వచ్చింది. దేశంలో ఖరీదైన భూములున్న నగరాల్లో ఒకటి తన బస్సులకు ఇవ్వడానికి పైసలు లేవంది. అయితే మరి ఎవరు ఇచ్చారు?

ఇరవై పైసలు

2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె నవంబరు 25 దాకా, 52 రోజులు సాగింది. మధ్యలో మంత్రివర్గం 5,100 రూట్లను ప్రైవేటుకు ఇవ్వాలని తీర్మానించింది. కార్మికులు చనిపోయారు, ఆత్మహత్యలు చేసుకున్నారు. చివరికి కార్మికులను తిరిగి తీసుకున్నారు, చార్జీ పెంచారు. కిలోమీటరుకు 20 పైసలు. పల్లెవెలుగుకైనా, ఎక్స్‌ప్రెస్‌కైనా అంతే.

ఇరవై పైసలే కదా అని పత్రికలు రాశాయి. మేము లెక్క వేసి చూశాం. పల్లెవెలుగు చార్జీ కిలోమీటరుకు 63 పైసల నుంచి 83 పైసలయింది, అంటే దాదాపు 32 శాతం పెరిగింది. ఎక్స్‌ప్రెస్ 87 పైసల నుంచి 107 అయింది, అంటే 23 శాతం. బస్సు ఎంత ఖరీదైనదైతే పెంపు శాతం అంత తగ్గింది. అందరికీ సమానంగా వేసినట్టు కనబడే పెంపు కిందివాడి మీద ఎక్కువ బరువు పెట్టింది.

ఇంకో లెక్క చూడండి. వనపర్తి నుంచి పట్నం దాదాపు 150 కిలోమీటర్లు. కిలోమీటరుకు 20 పైసలంటే ఒకవైపు 30 రూపాయలు. భార్యాభర్తలు పోయి రావడానికి 120 రూపాయలు అదనం. పట్నంలో పది కిలోమీటర్లు పోయే మనిషి మీద ఆ లెక్కన పడేది రెండు రూపాయలు. సంస్థ నష్టంలో పెద్ద భాగం నగరానిది, పెంపులో పెద్ద బరువు నగరానికి దూరంగా ఉన్నవాడిది. ఇది ఎవరో కుట్ర పన్ని చేసిన పని అని మేము అనడం లేదు. ఒకటే సంచి ఉన్నప్పుడు, ఆ సంచి లెక్క ఊరికి తెలియనప్పుడు ఇట్లనే జరుగుతుంది.

పాలమూరు లేబర్ టికెట్టు ఎవరు కొన్నారు?

నాగార్జునసాగర్, శ్రీశైలం మొదలుకొని దేశమంతటా ఆనకట్టల దగ్గర 'పాలమూరు లేబర్' అన్న మాట పాతుకుపోయింది. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, గుంపును లారీలో ఎక్కిస్తాడు, దారి ఖర్చు కూడా అప్పులో రాసుకుంటాడు. అంటే పని దగ్గరకు పోవడానికి అయిన ఖర్చును కూలీ తన కూలిలోంచే కట్టుకుంటాడు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం రానుపోను చార్జీ కాంట్రాక్టరే ఇవ్వాలన్నది. ఎంతమందికి ఇచ్చారో మన ఊళ్ల పెద్దమనుషులను అడగండి. పైగా ఆ చట్టం రాష్ట్రం దాటిన వాళ్లకే. పట్నం పోయినవాళ్లకు ఆ కాగితపు హక్కు కూడా లేదు.

తొంభైల తర్వాత లారీ స్థానంలో బస్సు వచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి ముంబై పోయే ఆర్టీసీ బస్సుల గురించి 2003లో పి. సాయినాథ్ రాశారు. పదేండ్ల ముందు వారానికి ఒకటి ఉన్న బస్సు, అప్పటికి వారానికి ముప్పై దాటింది. ఒక జిల్లా కరువు ఒక సంస్థకు కొత్త రూటయింది. ఆ రూట్ల రాబడిని సంస్థ పుస్తకాల్లో 'ఆదాయం' అని రాసుకున్నారు. అది ఇండ్లకు తాళాలు వేసి పోయినవాళ్ల సొమ్ము అని రాయడానికి అక్కడ గడి లేదు.

మెట్రో ఖాతా వేరు

బస్సుకు ఒకటే సంచి అని చూశాం. పట్నంలో రైలు కట్టేటప్పుడు మాత్రం వేరే ఖాతాలు తెరిచారు. 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్‌ను రైల్వే, రాష్ట్రం చెరి సగం ఖర్చుతో నడిపించాయి. మెట్రో సంగతి ఇంకా పెద్దది. 2008లో మొదటి టెండరు దక్కించుకున్న మేటాస్ కంపెనీ ప్రభుత్వ సాయం అక్కర్లేదు, తానే ఎదురు 30,311 కోట్లు ఇస్తానంది. రైలు టికెట్ల మీద అంత సొమ్ము రాదు, ఇది భూముల కోసమేనని ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ అప్పుడే ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. సత్యం కుంభకోణంతో ఆ కంపెనీ కుప్పకూలింది. 2009లో ఒప్పందం రద్దయింది.

2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టీతో కొత్త ఒప్పందం. కేంద్రం 1,458 కోట్లు గ్రాంటుగా ఇచ్చేటట్టు, 269 ఎకరాల స్థలం మీద మాళ్లు, ఆఫీసులు కట్టుకుని కంపెనీ సంపాదించుకునేటట్టు రాసుకున్నారు. రాబడిలో దాదాపు సగం టికెట్ల మీద, మిగతా చాలామటుకు ఆ స్థలాల మీద వస్తుందని అంచనా. 2017 నవంబరులో మొదటి రైలు నడిచింది. 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి. ఈ 69 కిలోమీటర్లలో పాలమూరు రోడ్డు నగరంలోకి వచ్చే ఆరాంఘర్ వైపు, శ్రీశైలం రోడ్డు వచ్చే చాంద్రాయణగుట్ట వైపు ఒక్క స్టేషనూ లేదు. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా అనుకున్న ముక్కను ఆ విడతలో కట్టనే లేదు.

అనుకున్న రాబడి రాలేదు. 2024లో కంపెనీ పెద్ద అధికారి ఒకాయన, ఆడవాళ్లకు బస్సులో ఉచితం ఇవ్వడం వల్ల కూడా మెట్రోకు దెబ్బ తగిలిందన్నాడు. 2025 మేలో గరిష్ట చార్జీని 60 రూపాయల నుంచి 75 చేసి, వ్యతిరేకత వస్తే 69 చేశారు. అదే ఏడు సెప్టెంబరులో మెట్రోను రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది: సుమారు 13,000 కోట్ల అప్పు బాధ్యత, కంపెనీ వాటాకు 2,000 కోట్లు. 1883 నాటి గ్యారంటీ గుర్తుకు రావడం లేదా? లాభం వస్తే వాటాదారుది, తక్కువ పడితే ఖజానాది. ఖజానా అంటే నాగర్‌కర్నూల్‌ది కూడా.

నగరాలకు ఇంకో ఖాతా ఢిల్లీలో ఉంది. నెహ్రూ పట్టణ పథకం కింద హైదరాబాదు బస్సులకు కేంద్రం 35 శాతం, రాష్ట్రం 15 శాతం ఇచ్చేటట్టు ఏర్పాటు చేశారు. 2025లో పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాదుకు 2,000 విద్యుత్ బస్సులు కేటాయించారు. ఆ పథకంలో బస్సులు జనాభా 40 లక్షలు దాటిన తొమ్మిది నగరాలకే. గద్వాలలో నలభై లక్షల మంది ఎప్పుడు పుట్టాలి?

ఉచిత టికెట్టు, పోయిన ఉద్యోగం

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు చార్జీ లేదు. సున్నా టికెట్టు కొడతారు, దాని విలువ ప్రభుత్వం సంస్థకు ఇవ్వాలి. 2025 జూలై నాటికి 200 కోట్ల ప్రయాణాలు దాటాయి, వాటి విలువ 6,680 కోట్లని చెప్పారు. మేము ఈ పథకాన్ని సమర్థిస్తున్నాం. గద్వాల పత్తి విత్తన చేన్లకు కూలికి పోయే మాదిగ ఆడబిడ్డకు చార్జీ మిగలడం అంటే కూలి పెరగడమే. ఆసుపత్రికి, కాలేజీకి, తల్లిగారింటికి మగవాడిని పైసలు అడగకుండా పోవడం చిన్న సంగతి కాదు. ఆటో నడిపే మన పిల్లల గిరాకీ పడిపోయిందన్నది కూడా నిజమే, వాళ్ల సంగతి విడిగా చూడాలి. ఒకరి మీద ఒకరిని ఉసిగొల్పే వాదనలో మనం పడొద్దు.

మా అభ్యంతరం పథకం మీద కాదు, దాని చుట్టూ వాడే భాష మీద. మెట్రోకు ఇచ్చింది 'గ్రాంటు', కంపెనీకి ఇచ్చింది 'హామీ', ఆడ కూలీకి ఇచ్చింది 'ఫ్రీ'. మూడూ ఒకే ఖజానాలోంచి వచ్చినవే. బస్సుల్లో కూచోవడానికి చోటు లేదని తిట్లు తినేది మాత్రం మూడో మనిషే. జనం పెరిగినంతగా బస్సులు పెంచకపోతే తప్పు ఎక్కినవాళ్లదా?

ఖర్చు పద్ధతి మారితే ఉద్యోగం కూడా మారుతుంది. ఆర్టీసీ సర్కారీ సంస్థ కాబట్టి రిజర్వేషన్ అమలయింది. ఖాకీ చొక్కా వేసుకుని, సంచి తగిలించుకుని, 'టికెట్ తీసుకోండి' అని ఊరి దొరను కూడా అడిగే అధికారం మా అన్నలకు, అక్కలకు అట్ల వచ్చింది. మోసినవాడి మనుమడు స్టీరింగు పట్టాడు. అద్దె బస్సులతో అది సన్నగిల్లింది. 2019 మార్చిలో హైదరాబాదులో 40 విద్యుత్ బస్సులతో మొదలైన పద్ధతిలో బస్సు కంపెనీది, డ్రైవరు కంపెనీ మనిషి, సంస్థ కిలోమీటరుకు ఇంత అని కడుతుంది. ఆ డ్రైవరు ఉద్యోగానికి రిజర్వేషన్ లేదు. కాబట్టి రవాణాకు డబ్బులు ఎట్ల సమకూర్చాలన్నది లెక్కల మాస్టార్ల ప్రశ్న అని వదిలేస్తే మనం నష్టపోతాం.

బయటి అనుభవాలు

లండన్‌లో 1981లో నగర ప్రభుత్వం చార్జీలు బాగా తగ్గించి, ఆ లోటును ఇంటి పన్నుల మీద వేసింది. భూగర్భ రైలు స్టేషను లేని బ్రామ్‌లీ అనే శివారు, మాకు లేని రైలుకు మేమెందుకు కట్టాలని కోర్టుకు పోయి గెలిచింది. సంస్థ వ్యాపార పద్ధతిలో నడవాలన్న చట్టం మాటే అక్కడా అడ్డుపడింది. బ్రామ్‌లీ ఉన్నవాళ్ల శివారు. తీర్పు పేదలను ముంచింది, చార్జీలు దాదాపు రెట్టింపయ్యాయి. ఆ ఫలితం మాకు వద్దు. కానీ బ్రామ్‌లీకి దొరికిన ఒక్కటి మాకు కావాలి: మా మీద ఎంత వేశారో తెలుసుకుని అడిగే చోటు. పారిస్‌లో 1971 నుంచి ఉద్యోగులను పెట్టుకున్న యజమానులే వాళ్ల జీతాల మొత్తం మీద రవాణా పన్ను కడుతున్నారు. కూలీ వచ్చి పని చేయడం వల్ల లాభపడినవాడు దారి ఖర్చు కట్టాలన్న న్యాయం అది. హైటెక్ సిటీకి ఆ న్యాయం ఎందుకు వర్తించదు?

అమెరికాలో మాంట్‌గోమరీ నల్లజాతి ప్రజలు 1955 డిసెంబరు నుంచి 381 రోజులు బస్సెక్కలేదు. ఆ బస్సుల ప్రయాణికుల్లో నాలుగింట మూడు వంతుల మంది వాళ్లే. వాళ్లు దిగిపోయాకనే ఆ బస్సులు ఎవరి పైసల మీద నడుస్తున్నాయో ఊరికి అర్థమైంది. మన పొరుగున తమిళనాడులో 1997లో ఒక రవాణా సంస్థకు దళిత వీరుడు సుందరలింగం పేరు పెడితే, ఆ పేరున్న బస్సు ఎక్కమని సవర్ణులు అల్లర్లకు దిగారు. ప్రభుత్వం రవాణా సంస్థలన్నిటికీ నాయకుల పేర్లు తీసేసింది. దళితుడి పైసలు సంచిలో పడొచ్చు, దళితుడి పేరు బస్సు మీద పడకూడదు.

మేము అడిగేది

మొదటిది, సంచి లెక్క విప్పాలి. డిపో వారీగా, సర్వీసు వారీగా వచ్చిందెంత, పోయిందెంత, పన్నుల కింద ప్రభుత్వం తీసుకున్నదెంత అన్నది గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జనానికి తెలుగులో చెప్పాలి. రెండోది, నగరం లోటును నగరపు భూమి విలువ, పెద్ద కంపెనీలు భరించాలి. అప్పుడు పట్నంలో ఉన్న పాలమూరు కూలీకి కూడా సిటీ బస్సు చౌకగానే ఉంటుంది. మూడోది, పల్లెవెలుగును నష్టాల ఖాతాలో రాయడం మానాలి. బడి, ఆసుపత్రి నష్టమని ఎవరూ రాయరు. నాలుగోది, ప్రజల సొమ్ము ముట్టే ప్రతి బస్సులో, ప్రతి రైలులో ఉద్యోగాలకు రిజర్వేషన్ ఉండాలి, అది కంపెనీదైనా సరే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక వినతి. ఈ లెక్కలు క్లాసులో చెప్పడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. పిల్లలను వాళ్ల తాతలు ఏం మోశారో, నాయినలు ఏ లారీ ఎక్కి పోయారో, అమ్మలు ఇప్పుడు ఏ బస్సులో పోతున్నారో రాసుకు రమ్మనండి. మూడు తరాల దారి ఖర్చు ఒక పేజీలో తేలుతుంది. పట్నం రవాణా చరిత్రకు మొదటి అధ్యాయం అక్కడే ఉంది.